మా అపార్ట్‌మెంట్‌లో 9 డెంగీ కేసులు. నాలుగు వారాల్లో 144 అంటున్న ఎక్సెల్ లెక్కను నమ్మాలా?

ముందు మీ ప్రశ్న నాకు ఎలా అర్థమైందో చెప్తాను. మియాపూర్ వైపు 380 ఫ్లాట్ల కాంప్లెక్స్. మొదటి వారం 1, రెండో వారం 3, మూడో వారం 5, మొత్తం 9 డెంగీ కేసులు. కమిటీలో ఉన్న సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఎక్సెల్‌లో ఎస్ఐఆర్ మోడల్ (అంటువ్యాధి ఎంత వేగంగా పాకుతుందో చెప్పే లెక్క) వేశాడు. వారానికి రెట్టింపు చొప్పున ఇంకో నాలుగు వారాల్లో 144 అవుతాయని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. గ్రూపంతా లొల్లి. అసోసియేషన్ వాళ్లు భయపడి నెల రోజుల పాటు రోజూ ఫాగింగ్ చేయించడానికి లక్షన్నర పక్కన పెట్టారు. లెక్క నమ్మొచ్చా, డబ్బు అలా ఖర్చు పెట్టొచ్చా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. 144ని నమ్మకండి. రోజూ ఫాగింగ్‌కి ఆ డబ్బు పెట్టకండి. జ్వరం ఉన్నవాళ్లను ఆ నాలుగైదు రోజులు పగలు కూడా దోమతెరలో ఉంచండి. ప్రతి 7 రోజులకు ఒకసారి, ఒక్క వారం కూడా తప్పకుండా, నిలవ నీరంతా పారబోయించి తొట్లు రుద్దించండి. కేసు వచ్చిన ఫ్లాట్లలో, వాటి పైనా కిందా పక్కనా ఉన్న ఫ్లాట్లలో ఇంటి లోపల మందు కొట్టించండి. లక్షన్నరలో ఎంతో కొంత మిగులుతుంది కూడా.

ఆ అబ్బాయిని మాత్రం ఎవరూ తిట్టకండి. అతను వేసింది తప్పు మోడలే కానీ, మోడల్ వేద్దామన్న ఆలోచన తప్పు కాదు. నేను ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నాను. చదివింది స్టాటిస్టిక్స్, బతుకంతా జ్వరాల లెక్కల్లో గడిచింది: మలేరియా, డెంగీ, మధ్యలో రెండేళ్లు కోవిడ్. డాక్టర్ని కాదు కాబట్టి వైద్యం గురించి ఒక్క మాటే చెప్పి వదిలేస్తాను. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ లాంటివి సొంతంగా వేసుకోకండి. జ్వరం తగ్గింది కదా అని ఊపిరి పీల్చుకునే ఆ ఒకటి రెండు రోజులే డెంగీలో అసలు జాగ్రత్తగా ఉండాల్సినవి. కడుపునొప్పి, ఆగని వాంతులు, ఎక్కడైనా రక్తం కనబడటం, మనిషి మగతగా ఉండటం, వీటిలో ఏది కనబడ్డా వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

ఇక లెక్కలోకి వద్దాం.

ఎస్ఐఆర్ అంటే జనాన్ని మూడు గదుల్లో పెట్టడం: ఇంకా సోకనివాళ్లు, సోకి ఇతరులకు అంటించగలిగేవాళ్లు, కోలుకున్నవాళ్లు. మొదటి గది నుంచి రెండో గదికి ఎంత వేగంగా వెళ్తున్నారు, రెండో గది నుంచి మూడో గదికి ఎంత వేగంగా వెళ్తున్నారు అన్నదే లెక్క. ఫ్లూకి, తట్టుకి ఇది బాగానే నడుస్తుంది, ఎందుకంటే అవి మనిషి నుంచి మనిషికి నేరుగా అంటుతాయి. డెంగీ అలా అంటదు. మధ్యలో దోమ ఉంది, ఆ దోమకి తొందరేం లేదు.

డెంగీని మోసేది ఏడిస్ అనే దోమ. జ్వరంతో ఉన్న మనిషిని కుట్టిన ఏడిస్ దోమ ఆ సాయంత్రమే ఇంకొకరికి అంటించలేదు. వైరస్ దాని పొట్టలోంచి లాలాజల గ్రంథుల దాకా చేరడానికి మన వాతావరణంలో 8 నుంచి 12 రోజులు పడుతుంది. అప్పటిదాకా ఆ దోమ బతికి ఉండాలి, ఆ తర్వాత ఇంకొకరిని కుట్టాలి. ఆ మనిషికి జ్వరం రావడానికి మళ్లీ 4 నుంచి 10 రోజులు. కలిపి చూడండి. ఒకరి జ్వరానికీ, ఆయన వల్ల ఇంకొకరికి వచ్చిన జ్వరానికీ మధ్య ఎంత తక్కువన్నా దాదాపు రెండు వారాలు, మామూలుగా మూడు వారాల దాకా ఉంటుంది.

ఇప్పుడు మీ 1, 3, 5 మళ్లీ చూడండి. రెండో వారంలో వచ్చిన ముగ్గురూ మొదటి వారం కేసు వల్ల వచ్చే అవకాశం దాదాపు లేదు, టైం సరిపోదు. మూడో వారంలో వచ్చిన ఐదుగురిలో ఒకరో ఇద్దరో అయితే అయ్యుండొచ్చు. అంటే ఈ తొమ్మిదీ తాత, కొడుకు, మనవడు కాదు, చాలావరకు అన్నదమ్ములు. మీకు తెలియకముందే, బహుశా నెల క్రితమే, అక్కడ కొన్ని దోమలకు వైరస్ చేరింది. అవి కుట్టినవాళ్లు ఒక్కొక్కరుగా బయటపడుతున్నారు. అన్నదమ్ముల సంఖ్య చూసి వంశం ఎంత వేగంగా పెరుగుతుందో లెక్క కట్టడం కుక్క తోక పట్టుకుని గోదారి ఈదడమే.

పైగా మొదటి కేసు సంగతి గ్రూపులో పడ్డాక ఏమైంది? ఒళ్లు కాస్త వెచ్చబడ్డ ప్రతివాళ్లూ పరీక్షకు పరిగెత్తి ఉంటారు. మొదటి వారంలో 'వైరల్ ఫీవర్ లే' అనుకుని పడుకున్న మనిషి మూడో వారంలో అయితే కేసుగా లెక్కకెక్కుతాడు. కేసులు పెరగడంలో కొంత భాగం జబ్బుది, కొంత భాగం భయానిది. ఇంకోటి, వీళ్లందరికీ మీ కాంప్లెక్స్‌లోనే సోకిందని ఎలా తెలుసు? ఏడిస్ కుట్టేది పగలు. పిల్లలు పగలంతా స్కూల్లో, పెద్దలు మాదాపూర్ ఆఫీసుల్లో ఉంటారు. తొమ్మిదిమందిలో నలుగురికి ఒకే స్కూల్ బస్సు ఉమ్మడిగా ఉంటే కథ పూర్తిగా మారిపోతుంది.

అబ్బాయిని ఒక చిన్న ప్రయోగం చేయమనండి. రెట్టింపు కావడానికి పట్టే రోజులు అన్న గడిలో 7 తీసేసి 10 పెట్టమనండి. 28 రోజుల తర్వాత 144 కాస్తా 63 అవుతుంది. 14 పెడితే 36. తొమ్మిది కేసుల మీద ఆధారపడి 7కీ 10కీ 14కీ తేడా చెప్పగల మొనగాడు ఎవడూ లేడు, నాతో సహా. ఒక గడిలో చిన్న మార్పు చేస్తే జవాబు నాలుగింతలు అటూ ఇటూ అయ్యే లెక్కని భయపెట్టడానికి వాడుకోవచ్చు కానీ, దాన్ని పట్టుకుని చెక్కు రాయకూడదు.

మరి కేసులు తొమ్మిదే కదా అని నిశ్చింతగా ఉండొచ్చా అంటే, అదీ కాదు. డెంగీ సోకినవాళ్లలో నలుగురిలో ఒకరికే జబ్బు చేస్తుందని అంచనా. మిగతా ముగ్గురికి ఏమీ తెలియదు, లేదా ఒక పూట నలతగా ఉండి పోతుంది. కానీ వాళ్లను కుట్టిన దోమకి కూడా వైరస్ ఎక్కవచ్చు. ఆ లెక్కన మీ తొమ్మిదితో కలిపి ముప్పై ఆరుమందికి సోకి ఉండొచ్చు. మరోవైపు, మొత్తం జనాభాని 'ఇంకా సోకనివాళ్ల' గదిలో వేసేయడం కూడా తప్పే. 2017-18లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) దేశవ్యాప్తంగా రక్త నమూనాలు పరీక్షిస్తే దాదాపు 49 శాతం మందికి, దక్షిణ రాష్ట్రాల్లో అయితే 77 శాతం మందికి అంతకుముందే డెంగీ సోకిన ఆనవాళ్లు కనిపించాయి. మళ్లీ దీనిలోనూ ఒక మెలిక ఉంది. డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒకటి వచ్చిపోతే ఆ ఒక్కదానికే శాశ్వత రక్షణ. రెండోసారి వేరే రకం సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఇంకా ఎక్కువ. చూశారుగా, ఎక్సెల్‌లో ఒక్క గడి, దాని వెనక ఇంత గందరగోళం.

ఎస్ఐఆర్ పుట్టుకలోనే ఇలాంటి కథ ఒకటి ఉంది. 1927లో కెర్మాక్, మెక్‌కెండ్రిక్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఈ సమీకరణాలు ప్రచురించినప్పుడు ఉదాహరణకి తీసుకున్నది మన దేశపు లెక్కలే: 1905 డిసెంబర్ నుంచి 1906 జులై దాకా బొంబాయిలో ప్లేగు చావులు. గీత చుక్కల మీద ఎంతో అందంగా కూర్చుంది. ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో ఆ బొమ్మ వేస్తారు. కానీ ప్లేగు మధ్యలో ఎలుక ఉంది, ఎలుక మీద బతికే ఫ్లీ అనే చిన్న పురుగు ఉంది. సమీకరణంలో ఆ రెండూ లేవు. ఇది చాలా ముతక అంచనా అని వాళ్లే నిజాయితీగా రాసుకున్నారు. గీత సరిపోయినంత మాత్రాన కారణం దొరికినట్టు కాదు. ఆ గీతను నమ్ముకుని ప్లేగును ఆపబోతే మనుషుల వెంట పడతాం, ఎలుకలు హాయిగా తిరుగుతుంటాయి. మీ కాంప్లెక్స్‌లో దోమ విషయంలో జరగబోయేదీ అదే.

అయితే మోడల్ దేనికి? నా దృష్టిలో మోడల్‌ని 'ఎన్ని' అని అడగకూడదు, 'రోగం పాకే దారిని ఎక్కడ నరకాలి' అని అడగాలి. ఈ రెండో ప్రశ్న అడిగిన మొదటి పెద్దమనిషి మన ఊళ్లో పనిచేసినవాడే. బేగంపేట పాత విమానాశ్రయం దగ్గర ఆ భవనం ఇంకా ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూసింది సికింద్రాబాద్‌లోనే. హుస్సేన్ ఖాన్ అనే రోగికి కుట్టిన ఒక్కో దోమకి ఒక అణా చొప్పున ఇచ్చి మరీ కుట్టించుకున్నాడు. 1902లో నోబెల్ వచ్చింది. నల్లకుంట ఫీవర్ ఆస్పత్రికి ఆయన పేరే పెట్టారు. ఇంతవరకు మనవాళ్లందరికీ తెలుసు. ఆ తర్వాత ఆయన గణితం పట్టుకున్నాడని మాత్రం తక్కువమందికి తెలుసు.

ఎందుకు పట్టుకున్నాడంటే, ఆయన దోమల్ని తగ్గిద్దాం అన్నప్పుడల్లా ఎదుటివాళ్లు ఒకటే మాట అనేవాళ్లు: లోకంలో ఉన్న దోమలన్నిటినీ చంపగలమా? రాస్ 1908 నాటి మారిషస్ నివేదికలో, 1911 నాటి పుస్తకంలో లెక్క వేసి చూపించాడు. అన్నిటినీ చంపనక్కర్లేదు. మనిషికి ఇన్ని దోమలు అన్న నిష్పత్తి ఒక హద్దు కిందికి దిగితే చాలు, ఒక రోగి నుంచి సగటున ఒకరి కంటే తక్కువమందికి సోకుతుంది, మలేరియా దానంతట అదే ఆరిపోతుంది. ఇప్పుడు టీవీల్లో అందరూ అనే 'ఆర్' విలువ ఒకటి కంటే తగ్గడం అన్న ఆలోచనకి మూలం ఇదే.

1950లలో మెక్‌డొనాల్డ్ అనే మలేరియా శాస్త్రవేత్త దీన్ని ఇంకో మెట్టు ఎక్కించాడు. ఈ ముక్క మీకు సూటిగా పనికొస్తుంది, అందుకే కాస్త నెమ్మదిగా చెప్తాను. రోగం పాకాలంటే ఒక దోమ మూడు పనులు చేయాలి: రోగిని కుట్టాలి, పది రోజులు బతకాలి, మళ్లీ ఇంకొకరిని కుట్టాలి.

దోమల సంఖ్యను సగం చేస్తే ప్రమాదం సగం అవుతుంది. అంతే.

కుట్టడాన్ని సగం చేస్తే? కుట్టడం రెండుసార్లు జరగాలి కదా, సగంలో సగం. ప్రమాదం పావుకి వస్తుంది. కిటికీకి జాలీ, రోగికి దోమతెర, పొడుగు చేతుల చొక్కా లాంటి సాదాసీదా పనులకు లెక్కలో ఇంత బలం ఉంది.

ఇక దోమ ఆయుష్షు. రోజుకి నూటికి 90 దోమలు బతుకుతున్నాయనుకోండి. పది రోజుల తర్వాత మిగిలేవి 35. అదే రోజుకి 80 మాత్రమే బతికేలా చేస్తే పది రోజుల తర్వాత మిగిలేవి 11. ఆ మిగిలినవి కూడా ఎక్కువ కాలం కుట్టలేవు. మొదటి రకం సగటున ఇంకో తొమ్మిదిన్నర రోజులు ఉంటే, రెండోవి నాలుగున్నర రోజులు. రెండూ గుణించండి, ప్రమాదం దాదాపు ఏడో వంతుకు పడిపోతుంది. రోజువారీ బతుకులో పది పాయింట్లు తగ్గితే ఇంత ఫలితం. ముసలి దోమే ప్రమాదం. పిల్ల దోమ కుడితే దురద, అంతే.

అలాగైతే రోజూ ఫాగింగ్ చేస్తే రోజూ దోమలు చస్తాయి కదా, ఆయుష్షు తగ్గుతుంది కదా అని మీ కమిటీ అబ్బాయి అడుగుతాడు. అడగాలి కూడా. కాగితం మీద సరైన ప్రశ్నే. కానీ ఏడిస్ ఎక్కడ ఉంటుంది? మంచం కింద, కర్టెన్ వెనక, వేలాడదీసిన ప్యాంట్ల మడతల్లో, బీరువా సందులో. ఫాగింగ్ బండి రాత్రి ఏడింటికి డ్రైవ్‌వే మీద పొగ వదులుతూ పోతుంది. పొగ రాగానే అందరం ఏం చేస్తాం? తలుపులూ కిటికీలూ బిగించుకుంటాం. దోమ లోపల, పొగ బయట. ఆ పొగకి పోయేవి ఎక్కువగా అప్పుడు గాల్లో ఎగురుతున్న క్యూలెక్స్ దోమలు. అవి మురికినీటి దోమలు, డెంగీతో వాటికి సంబంధం లేదు. మూసీ దోమ, నాలా దోమ అని మనం రోజూ తిట్టుకునేది వాటినే. ఏడిస్ ఇంట్లో, ఇంటి చుట్టూ నిలిచిన శుభ్రమైన నీళ్లలో ఎక్కువగా పుడుతుంది. పొగకి దొరికిన నాలుగు ఏడిస్ దోమలు పోయినా, తొట్లలో ఉన్న ప్యూపాల్లోంచి (దోమగా మారే ముందు దశ) రెండు రోజుల్లో కొత్తవి ఎగురుతాయి. గుడ్డుని, లార్వాని (నీళ్లలో ఉండే దోమ పురుగుని) పొగ ఏమీ చేయదు.

మున్సిపాలిటీ వాళ్లు ఇంకా ఎందుకు చేస్తున్నారని అడక్కండి. పొగ కనబడుతుంది. కుండీ కింది ప్లేటు తుడిస్తే ఎవరికీ కనబడదు.

ఇక 7 రోజులు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తాను. గుడ్డు పొదిగి, లార్వా, ప్యూపా దశలు దాటి దోమ ఎగరడానికి వానాకాలంలో ఏడు నుంచి పది రోజులు. మీరు ఏడో రోజున నీళ్లు పారబోస్తే ఆ బ్యాచ్ అంతా పోయినట్టే. పదో రోజున పారబోస్తే ఖాళీ గూడు పారబోసినట్టు. 2020లో హైదరాబాద్‌లో 'ప్రతి ఆదివారం 10 గంటలకు 10 నిమిషాలు' అని ప్రచారం నడిపారు గుర్తుందా? చాలామంది నవ్వారు. దోమల మోడల్ తెలిసినవాళ్లెవరూ నవ్వలేదు. వారం అన్న గడువు ఆ పురుగు జీవితంలోంచి తీసిన అంకె. రెండు జాగ్రత్తలు మాత్రం చెప్పాలి. ఒకటి, నీళ్లు పారబోస్తే చాలదు, తొట్టి గోడని పీచుతో గట్టిగా రుద్దాలి. ఏడిస్ గుడ్లు నీటి గీతకి కాస్త పైన గోడకి అంటుకుని ఉంటాయి. నీళ్లు లేకపోయినా నెలల తరబడి చావవు. ఎండాకాలం చివర మూలన పడేసిన కూలర్ టబ్బులో జూన్ మొదటి వాన పడగానే అవి పొదుగుతాయి. రెండు, నూటికి తొంభై ఇళ్లు చేసి పది ఇళ్లు వదిలేస్తే ఆ పది ఇళ్లే కాంప్లెక్స్ మొత్తానికీ దోమలు సప్లై చేస్తాయి.

ఎక్కడ వెతకాలంటే, మీలాంటి చోట్ల నాకు పదే పదే దొరికినవి ఇవి: కుండీల కింద ప్లేట్లు, ఫ్రిజ్ వెనక ట్రే, బాల్కనీలో మూత లేని బకెట్లు, వాడని బాత్రూమ్ కమోడ్, తాళం వేసి అమెరికా వెళ్లినవాళ్ల ఫ్లాట్, మూత సరిగ్గా పడని సంపు, ఓవర్‌హెడ్ ట్యాంకు, లిఫ్ట్ గుంత, బేస్‌మెంట్‌లో నీళ్లు ఊరే మూల, టెర్రస్. ప్రహరీ అవతల అపార్ట్‌మెంట్ కడుతుంటే అది కూడా. శ్లాబ్ క్యూరింగ్ కోసం నిలబెట్టిన నీళ్లలో నేను చూసినన్ని లార్వాలు ఏ బస్తీలోనూ చూడలేదు. ఏడిస్ ఎక్కువ దూరం పోదు, మామూలుగా పుట్టిన చోటి నుంచి వంద, రెండొందల మీటర్లు. అందుకే మీ దోమ చాలావరకు మీదే, లేదా మీ పక్క గోడది.

ఒక మాట, కాస్త కటువుగా ఉన్నా చెప్పాల్సిందే. ఫ్లాట్లన్నిటికీ జాలీలు బిగించి వాచ్‌మన్ గదికి బిగించకపోతే, దోమలు ఆకలితో ఊరుకోవు, అటు మళ్లుతాయి. సెల్లార్‌లో పగటిపూట నిద్రపోయే నైట్ డ్యూటీ సెక్యూరిటీ వాళ్లు, పనివాళ్ల పిల్లలు, ఇస్త్రీ బండి ఆయన, వీళ్లెవరూ మీ 380 ఫ్లాట్ల లెక్కలో లేరు. వాళ్లకి జ్వరం వస్తే గ్రూపులో పోస్ట్ పడదు. అంటే మీ కేసుల్లోనూ లేరు. దోమకి మాత్రం వాళ్లూ మీరూ ఒకటే. మోడల్‌లో 'జనాభా' అన్న గడి నింపేటప్పుడు అందరూ చేసే తప్పు ఇదే. మొదటి జాలీ వాచ్‌మన్ గదికి బిగించండి.

ఫలితం ఎప్పుడు కనబడుతుంది? దీని మీద గొడవలు జరుగుతాయి కాబట్టి ముందే చెప్పి పెట్టుకోండి. ఈ రాత్రికి మీ కాంప్లెక్స్‌లో ఉన్న దోమలన్నీ మాయమైనా కేసులు ఇంకో పది రోజుల నుంచి రెండు వారాల దాకా వస్తూనే ఉంటాయి. వాళ్లకి ఇప్పటికే సోకింది, జ్వరం రావాలి, పరీక్ష జరగాలి, రిపోర్టు రావాలి. కాబట్టి మొదటి ఆదివారం శుభ్రం చేశాక బుధవారానికి ఇంకో ముగ్గురికి జ్వరం వస్తే 'ఇదంతా వేస్ట్' అని ఎవరైనా అంటే ఆగమనండి. తిరగేసి చూసినా అంతే. ఈ సోమవారం ఫాగింగ్ చేసి వచ్చే సోమవారానికి కేసులు తగ్గితే ఆ ఘనత ఫాగింగ్‌ది కాదు. కేసులు ఉచ్ఛస్థితిలో ఉన్నప్పుడే అందరూ మేల్కొంటారు, ఉచ్ఛస్థితి తర్వాత ఎలాగూ తగ్గుతాయి. ఫాగింగ్‌కి ఉన్న మంచి పేరులో సగం ఇలా వచ్చిందే.

కేసుల కంటే ముందే కదిలే అంకె ఒకటి ఉంది, దాన్ని గమనించండి. ప్రతి ఆదివారం వంద ఫ్లాట్లు తిరిగి, ఎన్నిట్లో లార్వా దొరికింది, మొత్తం ఎన్ని తొట్లలో దొరికింది అని రెండు అంకెలు రాసుకోండి. మా భాషలో మొదటిది హౌస్ ఇండెక్స్, రెండోది బ్రెటో ఇండెక్స్. ఇంత దాటితే ప్రమాదం అని కొన్ని హద్దులు చెప్తుంటారు, అవి ఎల్లో ఫీవర్ రోజుల నాటివి. వాటిని పట్టుకుని కూర్చోకండి. ఈ ఆదివారానికీ వచ్చే ఆదివారానికీ తగ్గిందా లేదా, ఆ ఒక్కటీ చూడండి.

డెంగీ వైరస్‌ని దోమలో పెరగనివ్వని వోల్బాకియా అనే బ్యాక్టీరియా ఎక్కించిన దోమల సంగతి ఎవరో కామెంట్లో అడిగారు. ఇండోనేషియాలోని యోగ్యకర్తాలో జరిగిన ట్రయల్‌లో డెంగీ 77 శాతం తగ్గింది, మంచి పద్ధతి. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ కేంద్రం కూడా అలాంటి దోమల్ని తయారు చేసింది. కానీ అది ఊరు మొత్తానికి ప్రభుత్వం చేయాల్సిన పని, అసోసియేషన్ చేసేది కాదు.

నేనూ దెబ్బలు తిన్నవాణ్నే, చెప్పకపోతే న్యాయం కాదు. ఒక ఏడాది వానాకాలంలో ఒక ప్రాంతంలో డెంగీ ఉన్నట్టుండి ఎగిసిందని హెచ్చరిక రాసి పంపాను. వారానికోసారి నిటారుగా లేస్తున్న గీత. తర్వాత తెలిసింది, అక్కడి ల్యాబ్ వాళ్లు వారం రిపోర్టులన్నీ కట్టగట్టి సోమవారం పంపేవాళ్లట. నేను గీసింది జబ్బు గీత కాదు, గుమాస్తా గీత. అప్పటి నుంచి రిపోర్టు తేదీ మీద ఒక్క లెక్కా వేయలేదు. జ్వరం మొదలైన తేదీ ఉంటేనే కాగితం ముట్టుకుంటాను.

కోవిడ్ నేర్పిన పాఠం ఇంకా పెద్దది. పీక్ ఎప్పుడు, పీక్ ఎప్పుడు అని అందరిదీ ఒకటే ప్రశ్న. నేను ఒక ఆఫీసుకి ఇంత నుంచి ఇంత వరకు అని వెడల్పాటి అంచనా ఇచ్చాను. ఫైల్లో మధ్య అంకె ఒక్కటే మిగిలింది. రెండు చివర్లూ కత్తిరించేశారు. ఆ కత్తిరించిన చివరే నిజమైంది. 2021 మార్చిలో ఏం బయటపడిందో గుర్తు చేసుకోండి. జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, జాతీయ పోషకాహార సంస్థ, భారత్ బయోటెక్ కలిసి హైదరాబాద్‌లో 30 వార్డుల్లో సుమారు 9,000 మందిని పరీక్షిస్తే 54 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి. అప్పటికి రాష్ట్రం మొత్తం మీద నమోదైన కేసులు 3 లక్షల లోపే. నగరంలో సగం మందికి వచ్చిపోయిందని అందరం కాస్త ఊపిరి పీల్చుకున్నాం. రెండు నెలలు తిరక్కుండానే, మే మొదటి వారంలో దేశంలో రోజుకి 4 లక్షల కేసులు దాటాయి. వైరస్ మారింది, మనుషుల నడవడీ మారింది. ఆ రెండూ ఫిబ్రవరి దాకా ఉన్న లెక్కల్లోంచి బయటికి తీయగలిగేవి కావు. సమీకరణం తప్పు కాదు, అందులో పెట్టిన అంకెలే నిన్నటివి అయిపోయాయి.

ఇక మీ అబ్బాయికి పని. ఎక్సెల్ మూసేయొద్దనండి. ఉన్న షీట్ పక్కన పెట్టి, తొమ్మిది మందికి తొమ్మిది వరుసలతో కొత్తది తెరవమనండి. కాలమ్స్ ఇవి: జ్వరం మొదలైన తేదీ, బ్లాకు, అంతస్తు, వయసు, పగలు ఎక్కడుంటారు, ముందు రెండు వారాల్లో ఊరెళ్లారా, ఏ పరీక్షతో తేలింది. చివరిది ఎందుకంటే అప్పటికప్పుడు చేసే కార్డు టెస్టులో తేలినదానికీ, ఎలైజా అనే ల్యాబ్ రక్తపరీక్షలో తేలినదానికీ తేడా ఉంది. ఇది నింపాక చాలావరకు మోడల్ అవసరమే ఉండదు, కళ్లకే కనబడుతుంది.

సికింద్రాబాద్ వైపు ఒక కాంప్లెక్స్‌లో అలాగే జరిగింది. అయిదంతస్తుల బిల్డింగ్. ఏడుగురికి జ్వరాలు. కింద డ్రెయిన్లన్నిటికీ మందు కొట్టారు, రెండుసార్లు ఫాగింగ్ అయింది, కేసులు ఆగలేదు. నన్ను పిలిచింది మోడల్ వేయమని. నేను అంతస్తులు రాయమన్నాను. ఏడు కేసుల్లో ఆరు పై రెండు అంతస్తుల్లోనే, అంటే నాలుగూ అయిదుల్లోనే. కింద కాదు, పైన ఉంది గొడవ. టెర్రస్ చూద్దామంటే తాళం. బట్టలు ఆరేసుకునే దగ్గర రెండు ఇళ్లకి పోట్లాట వచ్చి ఆరు నెలల క్రితమే తాళం వేసేశారట. తాళంచెవి ఉన్నాయన విజయవాడ వెళ్లాడు. చివరికి తాళం పగలగొట్టి చూస్తే వాననీళ్లు పోయే గొట్టం ఆకులతో మూసుకుపోయి ఉంది. అరచెయ్యి లోతు నీళ్లు, మూలన మూడు పాత కూలర్ టబ్బులు, నీళ్లలో లార్వాలు కిటకిటలాడుతున్నాయి. ఆ గొట్టంలోంచి ఆకులు తీయడానికి పది నిమిషాలు పట్టింది.

ఆ తొమ్మిది వరుసలు ఇక్కడ పెట్టండి, పేర్లు, ఫ్లాట్ నంబర్లు వద్దు, అంతస్తు చాలు. రెండు రోజుల్లో చూసి చెప్తాను. ఈలోగా మీ టెర్రస్ తాళంచెవి ఎవరి దగ్గర ఉందో కనుక్కోండి.